కృతజ్ఞతా సాధన నిజంగా పనిచేస్తుందా? పనిచేస్తే, ఎలా చేయాలి?

మీ ప్రశ్నలో నాకు మూడు విషయాలు కనిపించాయి. కొన్ని నెలలుగా రాత్రి పడుకునే ముందు కృతజ్ఞతతో తలచుకోదగిన మూడు విషయాలను పుస్తకంలో రాస్తున్నారనీ, మొదట్లో మనసు తేలికపడినా ఇప్పుడు ‘కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం’ అనే మూడు మాటలే రోజూ తిరిగి వస్తున్నాయనీ, ఇక దీనివల్ల లాభం ఉందా అనీ మొదట అడిగారు. మీరు పనిచేసే అకౌంట్స్ విభాగంలో ఎవరికైనా కృతజ్ఞత చెబితే దాన్ని ముఖస్తుతిగానో, పని చేయించుకునే ఎత్తుగడగానో అనుకుంటారేమోనన్న సంకోచం రెండవది. చేసిన పనికి గుర్తింపు ఇవ్వని మేనేజర్ దగ్గర కూడా కృతజ్ఞతతో ఉండమనడం అన్యాయాన్ని ఓర్చుకొమ్మనడమే కదా అన్నది మూడవది. మూడూ న్యాయమైన ప్రశ్నలే. ఉద్యోగులకు మానసిక సలహాదారుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈ సాధన నేను చేస్తున్నాను, ఎందరి చేతనో చేయించాను, అవసరమైనప్పుడు కొందరి చేత మానిపించాను కూడా. ఆ అనుభవంతోనూ, ఈ రంగంలో జరిగిన పరిశోధనల ఆధారంతోనూ చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే, ప్రయోజనం ఉంది, అయితే అది మితమైనది. పైగా అది చేసే తీరు మీద ఆధారపడి ఉంటుంది. మనకున్న మంచి విషయాలను లెక్కపెట్టడం వల్ల కొంత మేలు కలుగుతుంది. ఆ మంచి వెనుక ఎవరు ఏ శ్రమ పడ్డారో గుర్తించి, వీలైతే ఆ మాట వారికే చెప్పడం వల్ల అంతకంటే చాలా ఎక్కువ మేలు కలుగుతుంది. మీ పుస్తకంలోని మాటలు చప్పబడినంత మాత్రాన మీలో కృతజ్ఞత తగ్గిందని అనుకోనక్కరలేదు. మీరు రాస్తున్నవి మరీ విశాలమైన మాటలు, వాటిలో మనసు ఆగడానికి చోటు లేదు. ఇక మూడవ ప్రశ్నకు నా సమాధానం స్పష్టం: కృతజ్ఞత మీ హక్కుకు బదులు కాదు, కాకూడదు.

ఈ సాధన అవసరం ఎందుకు వచ్చిందో ముందుగా చెబుతాను. మనసుకు రెండు స్వభావాలు ఉన్నాయి. ఒకటి, మంచికంటే చెడును త్వరగా పట్టుకోవడం, ఎక్కువసేపు పట్టుకొని ఉండడం. రోజంతా పదిమంది సవ్యంగా మాట్లాడి ఒక్కరు కసురుకుంటే, ఇంటికి వెళ్లాక గుర్తుండేది ఆ ఒక్క మాటే. రెండవది, ఎంత గొప్ప మార్పుకైనా కొద్దికాలంలోనే అలవాటు పడిపోవడం. ఎంతో ఎదురుచూసిన ఉద్యోగం వచ్చిన కొన్ని నెలలకే అది మామూలు విషయమైపోతుంది. దాన్ని సాధించడంలో మనకు తోడ్పడినవారు కూడా ఆ మామూలుతనంలో కలిసిపోతారు. ఈ రెండు స్వభావాలూ మనలోని లోపాలు కావు, ఎల్లప్పుడూ ప్రమాదాన్ని కనిపెట్టుకొని ఉండవలసిన ప్రాణికి అవి అవసరమే. అయితే వాటిని వాటి దారిన వదిలేస్తే, మన జీవితంలో నిజంగా ఉన్నదానికంటే తక్కువే మనకు కనిపిస్తుంది. కృతజ్ఞతా సాధన చేసే పని ఆ లెక్కను సరిచేయడం. లేని సంతోషాన్ని కల్పించుకోవడమని కొందరు అనుకుంటారు గానీ, నా అనుభవంలో అది ఉన్నదాన్ని ఉన్నట్టుగా చూసే ప్రయత్నమే.

పరిశోధనల సంగతికి వస్తే, ఈ విషయంలో తరచూ ప్రస్తావనకు వచ్చేది 2003లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో కలిసి ప్రచురించిన అధ్యయనం. అందులో కళాశాల విద్యార్థులను మూడు బృందాలుగా చేసి, పది వారాల పాటు వారానికొకసారి ఒక బృందం చేత కృతజ్ఞత కలిగించిన విషయాలనూ, మరో బృందం చేత చిరాకు పుట్టించిన విషయాలనూ, మూడవ బృందం చేత ఆ వారం తమపై ప్రభావం చూపిన సంఘటనలనూ రాయించారు. మొదటి బృందంవారు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తిని, రాబోయే వారం పట్ల ఎక్కువ ఆశను కనబరచారు. శారీరకమైన ఫిర్యాదులు కూడా వారిలో తక్కువగా కనిపించాయి. అదే పత్రంలో నాడీ కండరాల వ్యాధితో బాధపడుతున్న పెద్దవారి చేత మూడు వారాల పాటు రోజూ రాయించినప్పుడు వారు మరికాస్త ఎక్కువసేపు, మరికాస్త హాయిగా నిద్రపోయారు. నాకు ఈ చివరి భాగం మీదే ఎక్కువ గౌరవం. ఎందుకంటే వారికి వ్యాధి తగ్గలేదు, కష్టం పోలేదు. అయినా రోజు గడిచే తీరులో తేడా వచ్చింది. అయితే ఒక విషయం గమనించాలి. విద్యార్థుల బృందాల్లో కనిపించిన తేడాలో కొంత భాగం చిరాకులు రాసినవారితో పోల్చినప్పటిది. కాబట్టి ఈ ఫలితాలను చూపి జీవితమే మారిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

2005లో మార్టిన్ సెలిగ్మన్, ఆయన సహచరులు చేసిన పరిశీలన మీ ప్రశ్నకు ఇంకా దగ్గరగా ఉంటుంది. వారు ఒక వారం పాటు ప్రతి రాత్రీ మూడు మంచి సంఘటనలను రాయించారు. అయితే కేవలం సంఘటనలను కాదు, ప్రతి సంఘటనా ఎందువల్ల జరిగిందో కూడా రాయించారు. ఆ బృందంలో సంతోషం పెరగడం, దిగులు (డిప్రెషన్) లక్షణాలు తగ్గడం ఆరు నెలల తరువాత కూడా కనిపించింది. ముఖ్యంగా వారం గడిచాక కూడా తమంతట తాము కొనసాగించినవారిలో ఆ మేలు నిలిచింది. అదే అధ్యయనంలో మరో బృందాన్ని, తమకు మేలు చేసినా తాము ఎన్నడూ సరిగా కృతజ్ఞత చెప్పని వ్యక్తికి ఉత్తరం రాసి స్వయంగా వెళ్లి ఇవ్వమన్నారు. దాని ఫలితం వెంటనే చాలా ఎక్కువగా కనిపించింది, నెలరోజుల వరకు నిలిచింది, మూడు నెలలకు మాయమైంది. అంటే పెద్దగా ఒకసారి చెప్పడం మనసును కదిలిస్తుంది, చిన్నగా తరచూ గమనించడం నిలబెడుతుంది. రెండూ కావాలి.

చాలామంది ‘మూడు మంచి విషయాలు’ అన్నంతవరకు పట్టుకొని, ‘ఎందువల్ల’ అన్న సగాన్ని వదిలేశారు. మీ పుస్తకంలో జరిగింది కూడా అదేనని నా అంచనా. ‘కుటుంబం’ అని రాస్తే ఎందువల్ల అని అడగడానికి ఏమీ మిగలదు. ‘నేను ఆలస్యంగా వస్తానని చెప్పగానే తమ్ముడు తన పని వాయిదా వేసుకొని అమ్మను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాడు’ అని రాస్తే, అందులో ఒక మనిషి ఉన్నాడు, అతను వదులుకున్నది ఉంది, మీకు కలిగిన నిశ్చింత ఉంది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పవలసింది ఉంది, ఎందుకంటే ఈ సాధన అంతటికీ మూలం ఇదేనని నేను నమ్ముతాను. ఒకరు చేసిన మేలు పట్ల మనకు కృతజ్ఞత ఎంత కలుగుతుందన్నది ప్రధానంగా మూడింటి మీద ఆధారపడుతుందని 1968లోనే ఏబ్రహం టెస్సర్, ఆయన సహచరులు చూపారు: ఆ మనిషి కావాలని మన కోసం చేశాడా, అందుకు అతనికి ఎంత ఖర్చయింది, దానివల్ల మనకు ఎంత మేలు జరిగింది. ఖర్చంటే డబ్బే కానక్కరలేదు. సమయం, శ్రమ, తన వంతు సౌకర్యం, ఒక్కొక్కసారి తన మాట నెగ్గించుకోవాలన్న పట్టుదల కూడా ఖర్చే. నా దగ్గరకు సలహా కోసం వచ్చేవారిలో ‘నాకెవరూ ఏమీ చేయలేదు’ అనేవారు చాలామందే ఉంటారు. వారితో కూర్చొని ఒక్కరోజును గంట గంటగా మాట్లాడిస్తే, మేలు జరగకపోవడం కంటే, చేసినవారి ఉద్దేశమూ ఖర్చూ వారి కంటపడకపోవడమే ఎక్కువసార్లు తేలుతుంది.

ఒక ఆసుపత్రి వార్డులో రాత్రి డ్యూటీ చూసే నర్సు నా దగ్గరకు వచ్చేవారు. ఆమె కూడా మీలాగే, పుస్తకం రాయడం ఒక తంతుగా మారిపోయిందని చెప్పారు. విషయాల సంఖ్యను ఒకటికి తగ్గించి, ఆ ఒక్కదాన్నీ ఆ మూడు కోణాలలో రాయమన్నాను. కొన్నాళ్లకు ఆమె ఒక సంగతి చెప్పారు. పగటి డ్యూటీ ముగించుకొని వెళ్లే సహోద్యోగి రోజూ మందుల ట్రేను రోగుల వారీగా సర్ది, అయిపోవచ్చిన మందుల పేర్లు ఒక చీటీ మీద రాసి పెట్టి వెళుతుందట. అది ఆమె విధి కాదు. అంతకాలం ఆ ట్రే అలాగే సర్ది ఉండడం చూస్తూనే ఉన్నా, అది ఒక మనిషి చేసిన పనిగా తనకు తట్టలేదని, రాయడానికి కూర్చున్నప్పుడే కనిపించిందని అన్నారు. ఆ మరునాడు ఆమె ఆ మాట సహోద్యోగికి చెప్పారు. వార్డులో పని తగ్గలేదు, సిబ్బంది పెరగలేదు. ఆ ఇద్దరి మధ్య డ్యూటీ అప్పగింతలు మాత్రం మునుపటికంటే శ్రద్ధగా, సఖ్యంగా జరిగాయి.

వైద్యసిబ్బంది మీదనే హాంకాంగ్‌లో జరిగిన ఒక పరిశోధన 2015లో వెలువడింది. అందులో ఆసుపత్రులలో పనిచేసేవారి చేత నాలుగు వారాల పాటు వారానికి రెండుసార్లు, తమ పనికి సంబంధించిన కృతజ్ఞతా విషయాలను రాయించారు. వారిలో ఒత్తిడి, దిగులు లక్షణాలు తగ్గాయి; మూడు నెలల తరువాత చూసినా ఆ తేడా ఉంది. ఇంటికి సంబంధించినవి కాకుండా పనికి సంబంధించినవి రాయడం ఇందులో ముఖ్యం. పనిచోట అలసిపోయిన మనసుకు పనిచోటనే ఏదో ఒక ఆసరా కనబడాలి.

ఎన్నిసార్లు రాయాలి? రోజూ రాయడం తప్పనిసరి కాదు. సోన్యా ల్యుబొమిర్‌స్కీ బృందం ఆరు వారాల పాటు కొందరి చేత వారానికి ఒకసారి, మరికొందరి చేత మూడుసార్లు రాయించినప్పుడు, వారానికొకసారి రాసినవారిలోనే సంతోషం పెరిగింది. సెలిగ్మన్ పరిశీలనలో రోజూ రాసినవారికీ మేలు కలిగింది కదా అని మీరు అడగవచ్చు. నా ఉద్దేశంలో సంఖ్య కంటే తాజాతనం ముఖ్యం. రాస్తున్నప్పుడు ఏదో ఒక కొత్త వివరం గుర్తుకొస్తున్నంతకాలం రోజూ రాయవచ్చు. నిన్నటి మాటే చేయి దానంతటదే రాసేస్తుంటే వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గించాలి. తగ్గించడం వల్ల సాధన చెడిపోదు.

మాటలు పూర్తిగా ఎండిపోయినప్పుడు నేను చెప్పే ఉపాయం మరొకటి ఉంది. ఉన్నదాన్ని తలచుకోవడానికి బదులు, అది లేకపోయి ఉంటే ఎలా ఉండేదో రాయడం. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో, తమ జీవిత భాగస్వామి తమకు ఎలా పరిచయమయ్యారో రాసినవారికంటే, ఆ పరిచయమే జరగకుండా పోయే అవకాశాలు ఎన్ని ఉండేవో రాసినవారిలో ఆ బంధం పట్ల తృప్తి ఎక్కువగా కనిపించింది. మీ ఉద్యోగం విషయంలో కూడా ఇలా రాసి చూడండి: ఆ ప్రకటన మీ దృష్టికి ఎవరు తెచ్చారు, ఇంటర్వ్యూకు ముందు మీ సందేహాలు ఎవరు తీర్చారు, చేరిన కొత్తలో మీ పొరపాటును పైవారి దాకా పోనివ్వకుండా ఎవరు సరిదిద్దారు? వీటిలో ఏ ఒక్కటి జరగకపోయినా ఏమయ్యేదో ఊహించండి. ‘ఉద్యోగం’ అన్న ఒక్క మాట వెనుక నలుగురైదుగురు మనుషులు బయటకు వస్తారు. బాధ్యతల వల్లనో ఆందోళన వల్లనో ఇప్పటికే ‘ఏదైనా పోతుందేమో’ అన్న భయంతో ఉన్నవారికి మాత్రం ఈ పద్ధతి నేను చెప్పను. వారికి ఇది భయాన్నే పెంచుతుంది.

నిద్ర గురించి మీరు అడగలేదు గానీ, రాత్రి రాస్తున్నారు కాబట్టి చెబుతున్నాను. కృతజ్ఞతాభావం ఎక్కువగా ఉన్నవారికి నిద్ర బాగా పట్టడానికి కారణం, పడుకున్నాక మనసులోకి మంచి ఆలోచనలు ఎక్కువగా, చింతలు తక్కువగా రావడమేనని 2009లో ఆలెక్స్ వుడ్ బృందం చూపింది. కాబట్టి మీరు ఎంచుకున్న వేళ మంచిదే. ఫోనులో కంటే కాగితం మీద రాయడం మేలు. ఫోను తీస్తే మరో పది విషయాలు మనసులోకి వస్తాయి.

ఇక మీ రెండవ ప్రశ్న, పనిచోట చెప్పడం గురించి. మనసులో ఉంచుకున్న కృతజ్ఞత మనకు మేలు చేస్తుంది. చెప్పిన కృతజ్ఞత ఇద్దరికీ, ఒక్కొక్కసారి చుట్టూ ఉన్నవారికి కూడా మేలు చేస్తుంది. మోనికా బార్ట్‌లెట్, డేవిడ్ డిస్టెనో 2006లో ప్రచురించిన ప్రయోగాలలో, పనిచేస్తున్నవారి కంప్యూటరు కావాలనే మొరాయించేలా చేసి, పక్కనున్న వ్యక్తి దాన్ని సరిచేసే ఏర్పాటు చేశారు. అలా సాయం పొందినవారు ఆ తరువాత విసుగు పుట్టించే పనిలో సైతం ఇతరులకు ఎక్కువసేపు తోడ్పడ్డారు. సాయం చేసిన వ్యక్తికే కాకుండా, ఏమీ తెలియని కొత్తవారికి కూడా తోడ్పడ్డారు. 2021లో వచ్చిన మరో అధ్యయనంలో, కొన్ని పనిదినాల పాటు కృతజ్ఞతా దినచర్య రాసిన ఉద్యోగులు ఇతరులతో దురుసుగా ప్రవర్తించడం, వెనుక మాట్లాడుకోవడం, కొందరిని వెలివేసినట్టు చూడడం తగ్గిందని వారి సహోద్యోగులే చెప్పారు. ఒక విభాగం వాతావరణం ఇలాంటి చిన్న ప్రవర్తనల మీదే నిలబడి ఉంటుంది కాబట్టి ఈ రెండవ ఫలితాన్ని నేను చాలా విలువైనదిగా భావిస్తాను.

మరి సంకోచం? అది మీ ఒక్కరిదే కాదు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన ప్రయోగాలలో, కృతజ్ఞతా లేఖ రాసినవారిని, అందుకున్నవారిని విడివిడిగా ప్రశ్నించారు. అవతలివారికి ఇబ్బందిగా ఉంటుందేమోనని రాసినవారు ఎక్కువగా అనుకున్నారు. వారు ఎంత సంతోషిస్తారో, ఎంత ఆశ్చర్యపోతారో తక్కువగా ఊహించారు. రాసేవారి దిగులంతా మాటలు సరిగా కుదిరాయా లేదా అని, అందుకున్నవారు చూసింది మాత్రం అందులోని ఆప్యాయతను. నా దగ్గరకు వచ్చినవారిలో కూడా ఇదే చూశాను. చెప్పాక పశ్చాత్తాపపడినవారు అరుదు, చెప్పకుండా ఆలస్యం చేసి, ఆ మనిషి బదిలీ అయిపోయాకనో కన్నుమూశాకనో బాధపడినవారు ఎక్కువ.

ముఖస్తుతికీ కృతజ్ఞతకూ తేడా ఎక్కడ ఉందో చెబుతాను. ముఖస్తుతి మనిషి గుణాన్ని పొగుడుతుంది: ‘మీ అంత సమర్థులు లేరు’. కృతజ్ఞత జరిగిన పనిని చెబుతుంది: ‘నెలాఖరు లెక్కలకు రెండు రోజుల ముందే మీరు బిల్లులన్నీ తేదీల వారీగా పంపారు. అందువల్ల నేను తేడాలు వెతకడానికి రాత్రి కూర్చోవలసిన పని తప్పింది. మీకు ఆ రోజు వేరే ఒత్తిడి కూడా ఉందని నాకు తెలుసు.’ ఈ మూడు వాక్యాలలో టెస్సర్ చెప్పిన మూడూ ఉన్నాయి. ఇంత నిర్దిష్టమైన మాటను పొగడ్తగా పొరబడడం కష్టం. అయితే కృతజ్ఞత చెప్పిన నోటితోనే కొత్త పని అడగకండి. ఆ రెండింటి మధ్య కనీసం ఒక రోజు ఎడం ఉండనివ్వండి. మీరు భయపడుతున్న ‘ఎత్తుగడ’ అన్న అనుమానం పుట్టేది అక్కడే.

మీరు ఎప్పుడైనా ఒక బృందానికి నాయకత్వం వహిస్తే ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఒక సాఫ్ట్‌వేర్ బృందం అధిపతి ప్రతి శుక్రవారం అందరికీ కలిపి ‘అద్భుతంగా పనిచేశారు, ధన్యవాదాలు’ అని ఈమెయిలు పంపేవారు. కొన్ని వారాలకు దాన్ని తెరిచేవారే లేకపోయారు. ఆయన దాన్ని మానేసి, వారానికి ఒకరిద్దరికి మాత్రం వారు చేసిన ఫలానా పనిని ప్రస్తావిస్తూ విడిగా రాయడం మొదలుపెట్టారు. ముఖ్యంగా పరీక్షలు చేసి లోపాలను ముందే పట్టుకునే ఉద్యోగుల పని ఎవరికీ కనిపించదు, ఎందుకంటే వారు బాగా పనిచేసినప్పుడు ఏమీ జరగదు. అలాంటివారికి ఆ ఉత్తరం అందినప్పుడు కలిగిన మార్పును ఆయనే నాకు వివరించారు: సమావేశాల్లో మౌనంగా ఉండేవారు తమకు కనిపించిన ప్రమాదాలను ముందుగానే చెప్పడం మొదలుపెట్టారు. అందరి ముందూ పొగడడం అందరికీ నచ్చదు. కొందరికి అది నిజంగా ఇబ్బంది. ఎవరికి ఎలా చెబితే బాగుంటుందో తెలుసుకోవడం కూడా గౌరవించడంలో భాగమే.

ఇప్పుడు మూడవ ప్రశ్న. దీన్ని నేను తేలికగా తీసుకోను. కృతజ్ఞత పేరుతో జరిగే అన్యాయం నేను చాలా చూశాను.

ఒకతను చిన్న సంస్థలో పనిచేసేవాడు. యజమాని అతన్ని కష్టకాలంలో ఉద్యోగంలోకి తీసుకున్నాడు, అది నిజమే. ఆ తరువాత అదనపు గంటల పనికి జీతం అడిగినప్పుడల్లా ఆ పాత మేలును గుర్తుచేసేవాడు. ఇతను కూడా ‘ఆయన లేకపోతే నేను లేను’ అని పుస్తకంలో రాసుకుంటూ వచ్చాడు. అతని చేత ఆ పుస్తకం మానిపించి, ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశాడో, రావలసినది ఎంతో మరో పుస్తకంలో రాయించాను. కృతజ్ఞత వేరు, ఋణభారం వేరు. మేలు చేసినవారు ప్రతిఫలం ఆశిస్తున్నారని తెలిసేకొద్దీ మనలో ఋణభారం పెరుగుతుందనీ, కృతజ్ఞత తగ్గుతుందనీ ఫిలిప్ వాట్కిన్స్ బృందం 2006లో చూపింది. కాబట్టి ఎవరిని తలచుకుంటే మనసు తేలికపడకుండా బరువెక్కుతుందో, ఆ సంబంధాన్ని ఒకసారి పరిశీలించి చూడండి. అక్కడ మీకు కావలసింది లెక్క తేల్చుకోవడం కావచ్చు.

హింస, అవమానం, బెదిరింపు ఉన్న సంబంధంలో ‘అయినా అతనిలో మంచి కూడా ఉంది’ అని రోజూ రాసుకోవడం ప్రమాదకరం. అక్కడ నుండి బయటపడవలసిన మనిషిని అది అక్కడే ఉంచుతుంది. అలాంటివారికి నేను ఈ సాధన చెప్పను. ముందు భద్రత, ఆ తరువాతే ఏదైనా.

మరో జాగ్రత్త: కృతజ్ఞతను ఎవరికీ ఆదేశంగా ఇవ్వకండి. మంచాన పడిన తల్లికి ఏళ్ల తరబడి సేవ చేస్తున్న ఒకామె, అలసిపోయానని అన్నప్పుడల్లా దూరాన ఉన్న తోబుట్టువులు ‘అమ్మకు సేవ చేసే భాగ్యం నీకు దక్కింది, సంతోషించు’ అనేవారట. ఆమెకు కావలసింది నెలలో నాలుగు రోజులు ఆ బాధ్యత పంచుకునే మనిషి. ఉపదేశం వల్ల ఆమెలో కృతజ్ఞత పెరగలేదు, తన అలసట పట్ల అపరాధభావం పెరిగింది. కష్టంలో ఉన్నవారు తమంతట తాము ‘ఇంత కష్టంలోనూ ఇది ఒకటి బాగుంది’ అంటే ఆ మాటకు ఎంతో విలువ ఉంది. పక్కవారు అనిపించాలని చూస్తే ఆ విలువ ఉండదు.

దిగులు వ్యాధి, తీవ్రమైన ఆందోళన ఉన్నవారి విషయంలో నేను మరింత జాగ్రత్తగా ఉంటాను. 2021లో క్రెగ్, చీవెన్స్ అనే పరిశోధకులు అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించి, ఈ లక్షణాల మీద కృతజ్ఞతా సాధన ప్రభావం స్వల్పమేనని తేల్చారు. చికిత్సకు తోడుగా మాత్రం ఇది ఉపయోగపడవచ్చు. కౌన్సెలింగ్ కోసం వచ్చిన దాదాపు 300 మందితో జోయెల్ వాంగ్ బృందం చేసిన అధ్యయనంలో, కౌన్సెలింగ్‌తో పాటు కృతజ్ఞతా లేఖలు కూడా రాసినవారి మానసిక స్థితి నాలుగు వారాలకూ పన్నెండు వారాలకూ మిగతావారికంటే మెరుగ్గా ఉంది. ఆ లేఖలను పంపవలసిన అవసరం కూడా లేదు. కాబట్టి చికిత్స మానేసి పుస్తకం రాయవద్దు. చికిత్స తీసుకుంటూ, మీ వైద్యులకు చెప్పి, మనసుకు బరువు కానంతవరకు రాయవచ్చు. మంచి విషయాలు తలచుకుంటున్నప్పుడు ‘ఇన్ని ఉన్నా నేను ఇలా ఉన్నానే’ అన్న నింద మొదలైతే ఆ రోజుకు ఆపేయాలి.

మీ మేనేజర్ విషయానికి వస్తే, రెండు పనులను విడదీయండి. ఆయన మీకు నిజంగా చేసిన సాయం ఏదైనా ఉంటే, పైన చెప్పినట్టు నిర్దిష్టంగా ఆయనకు చెప్పండి. పై అధికారులకు కూడా అలాంటి మాట వినే అవకాశం తక్కువే దక్కుతుంది. ఏమీ లేకపోతే వెతికి తెచ్చుకోనక్కరలేదు. మీకు దక్కవలసిన గుర్తింపు సంగతి వేరే రోజున, వేరే సంభాషణగా, మీరు చేసిన పనుల వివరాలు కాగితం మీద పెట్టుకొని అడగండి. కృతజ్ఞత కలిగిన మనిషి గట్టిగా అడగకూడదన్న నియమం ఎక్కడా లేదు. ఎవరి శ్రమ ఎంతో చూడడం నేర్చుకున్నవారికి తమ శ్రమ విలువ కూడా తెలిసి వస్తుందని, అందువల్ల తొట్రుపాటు లేకుండా అడగగలుగుతారని నేను గమనించాను.

పుస్తకం విషయంలో, వచ్చే వారం నుండి మూడు మాటలు మానేసి, వారానికి రెండు రాత్రులు ఒక్క సంఘటనను మాత్రమే రాయండి. నాలుగైదు వాక్యాలు చాలు: ఎవరు, ఏం చేశారు, అందుకు వారికి ఏం ఖర్చయింది, అది జరగకపోతే మీ రోజు ఎలా ఉండేది. అందులో కనీసం ఒకటి మీ ఆఫీసుకు సంబంధించినదై ఉండాలి. నెలలో ఒకసారి ఆ పేజీల్లోంచి ఒక మనిషిని ఎంచుకొని, రాసినదాన్నే నోటితోనో రెండు వాక్యాల సందేశంగానో వారికి అందించండి. నెలన్నర రెండు నెలలు ఇలా చేశాక కూడా మాటలు డొల్లగానే అనిపించి, దానితో పాటు నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి కూడా తగ్గినట్టు కనిపిస్తే, అది పుస్తకంతో తేలే విషయం కాదు. మానసిక వైద్యులను కలవండి. అలా కాకుండా రాయడానికి ఏమీ దొరకడం లేదన్నది మాత్రమే ఇబ్బంది అయితే, మీరు రాసిన ఒక పేజీని పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, ఎక్కడ వివరం తగ్గిందో చూసి చెబుతాను.